మా డాబాల మీద పుట్టిన హరిత విలువ ఎవరి ఖాతాలో పడుతోంది?

గౌరవనీయులైన రాష్ట్ర ఇంధన శాఖ, విద్యుత్ నియంత్రణ, పంపిణీ విభాగాల అధికారులకు,

నమస్కారం. మేము గోదావరి డెల్టాలో, భీమవరం నుంచి అమలాపురం దాకా ఉన్న ఊళ్లవాళ్లం. మాలో కొందరు డాబాల మీద, రైస్ మిల్లుల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నారు. ఇంకొందరు చెరువు గట్టు మీద పెట్టుకుందామని లోను కోసం బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నారు. మేమిచ్చిన వినతిపత్రంలో ఉన్నది ఒకే ప్రశ్న. మా ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటుకు ఉన్న పునరుత్పాదక ఇంధన క్రెడిట్ ఎవరి పేరు మీద జమ అవుతోంది, అందులో మాకేమైనా వాటా ఉందా? ఆఫీసులో తీసుకున్నారు, ముద్ర వేసి నకలు ఇచ్చారు. అక్కడి నుంచి పై ఆఫీసుకు, దాని నుంచి ఇంకా పై ఆఫీసుకు వెళ్లిందన్నారు. ఆ తర్వాత "పైనుంచి ఉత్తర్వులు రావాలండీ" అన్న మాట తప్ప కాగితం మీద ఒక్క అక్షరం రాలేదు. కింది స్థాయి సిబ్బంది మీద మాకు కోపం లేదు. ఈ క్రెడిట్ సంగతి వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. అందుకే నిర్ణయం చేయగలిగిన మీకే, నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

ఈ లేఖ మా ఊళ్లలో కూడా చదువుతారు కాబట్టి ముందు అసలు సంగతి చెప్పాలి.

సోలార్ ప్లాంటులో పుట్టిన యూనిట్‌కు రెండు విలువలున్నాయి. ఒకటి, బల్బు వెలిగించి మోటారు తిప్పే కరెంటు. రెండోది, ఆ కరెంటు బొగ్గు కాల్చకుండా వచ్చిందన్న గుర్తింపు. ఈ రెండింటినీ విడదీసి అమ్ముకోవచ్చని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2010 జనవరిలో నిబంధనలు తెచ్చింది. గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి వెయ్యి యూనిట్లకు ఒక పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రం, అంటే ఒక ఆర్‌ఈసీ, వస్తుంది. దాన్ని దేశ గ్రిడ్‌ను పర్యవేక్షించే నేషనల్ లోడ్ డిస్పాచ్ సెంటర్ జారీ చేస్తుంది, కరెంటు క్రయవిక్రయాలు జరిగే పవర్ ఎక్స్ఛేంజీల్లో అమ్ముతారు. డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు), సొంత పవర్ ప్లాంట్లున్న పరిశ్రమలు, ఓపెన్ యాక్సెస్‌లో బయటి ఉత్పత్తిదారుల నుంచి నేరుగా కరెంటు కొనుక్కునే పెద్ద వినియోగదారులు వాడకంలో ఇంత శాతం పునరుత్పాదక విద్యుత్ ఉండేలా చూసుకోవాలని నిబంధన ఉంది. నేరుగా సోలారో, పవన విద్యుత్తో కొనలేనివారు ఆ లోటుకు సరిపడా ఆర్‌ఈసీలు కొంటారు. ఆ డబ్బు ప్లాంటు పెట్టినవాడికి చేరుతుంది. కరెంటు అమ్మిన సొమ్ముకు ఇది అదనం.

సోలార్ ప్రాజెక్టుకు పెట్టుబడి పుట్టేది ఇక్కడే. ఏడాదికి ఎంత వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది అని చూసే బ్యాంకు లోను ఇస్తుంది. 2010లో ఒక సోలార్ ఆర్‌ఈసీకి కనీస ధర ₹12,000, గరిష్ఠ ధర ₹17,000గా పెట్టారు. మన ఎండకు 1 మెగావాట్ ప్లాంటు ఏడాదికి సుమారు 14 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంటే 1,400 ఆర్‌ఈసీలు. కనీస ధర లెక్కనే ₹1 కోటి 68 లక్షలు. మెగావాట్ పెట్టడానికి ₹15 కోట్లకు పైగా అయ్యే ఆ రోజుల్లో ఈ రాబడే చాలామందికి ధైర్యం ఇచ్చింది.

తర్వాత కనీస ధర 2012లో ₹9,300కు, 2015లో ₹3,500కు, 2017లో ₹1,000కి దిగింది. ప్యానెళ్ల ధర కూడా బాగా తగ్గింది కాబట్టి కొంత తగ్గించడం న్యాయమే. కానీ 2020 జూన్‌లో కనీస ధరను సున్నా చేశారు. దాని మీద కేసు పడి ఆ జులై నుంచి 2021 నవంబరు దాకా ట్రేడింగే ఆగిపోయింది. 2022 డిసెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో కనీస ధరా లేదు, గరిష్ఠ ధరా లేదు. ఈమధ్య ఆర్‌ఈసీ కొన్ని వందల రూపాయలకే పోతోంది. ₹300 అనుకుంటే అదే 1 మెగావాట్ ప్లాంటుకు ఏడాదికి వచ్చేది ₹4 లక్షల 20 వేలు. కొనాల్సినవాళ్లు కొనకుండా, బాకీని ఏటా వచ్చే ఏడాదికి తోసుకుంటూ పోతే, తోసుకుంటున్నా ఎవరూ అడగకపోతే ధర ఎలా నిలబడుతుంది?

పెద్ద కంపెనీలకు దీంతో పెద్దగా ఇబ్బంది లేదు. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల పార్కు లాంటివి బిడ్డింగులో పాడుకుని, పాతికేళ్ల ఒప్పందంతో కరెంటు అమ్ముకుంటాయి. మా డెల్టాలో అలాంటి పార్కు రాదు, రావాలని మేము కోరడం లేదు కూడా. మూడు పంటలు పండే నేల మీద గాజు పరచమని ఎవరంటారు? మాకున్న చోటు డాబాలు, మిల్లుల రేకులు, గోడౌన్లు, ఐస్ ఫ్యాక్టరీలు, చెరువు గట్లు. చిన్న చిన్న ప్లాంట్లే ఇక్కడ వీలవుతాయి. ఆర్‌ఈసీ డబ్బు అవసరం ఉన్నది కూడా అలాంటి చిన్నవాటికే.

మేము అడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడుంది. కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 20న ఇచ్చిన నోటిఫికేషన్‌లో, 2024-25 నుంచి వాడకంలో ఎంత శాతం పునరుత్పాదక ఇంధనం ఉండాలో చెప్పింది. మొత్తం 29.91 శాతంతో మొదలై 2029-30కి 43.33 శాతానికి చేరాలి. అందులో 10 మెగావాట్ల లోపు చిన్న ప్లాంట్లకు విడిగా ఒక వాటా పెట్టింది. అది 1.5 శాతంతో మొదలై 4.5 శాతానికి చేరాలి. మా డాబాల మీది నెట్ మీటరింగ్ ప్లాంట్లు, అంటే మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో సర్దుకునేవి, ఈ వాటాలోకే వస్తాయి. మీటరు లెక్క చూపించలేకపోతే కిలోవాట్‌కు రోజుకు 3.5 యూనిట్ల చొప్పున లెక్క కట్టుకోవచ్చని కూడా అందులో రాసి ఉంది. అంటే మా ఊళ్లో 3 కిలోవాట్ల ప్యానెల్ పెట్టుకున్న టీచరుగారి ఇల్లు, ఎవరూ మీటరు చూడకపోయినా, రోజుకు పదిన్నర యూనిట్ల లెక్కన ఎవరో ఒకరి బాధ్యతను తీరుస్తోంది. ఏడాదికి 3,800 యూనిట్ల పైచిలుకు. ఆర్‌ఈసీల్లో చెప్పాలంటే నాలుగుకు కాస్త తక్కువ. నెట్ మీటరింగ్‌లో ఈ లెక్క మామూలుగా డిస్కం ఖాతాకే పోతుంది. డిస్కం తన బాధ్యతకు మించి పునరుత్పాదక విద్యుత్ తీసుకుంటే ఆ మిగులు మీద ఆర్‌ఈసీలు తీసుకుని అమ్ముకునే వీలు కూడా నిబంధనల్లో ఉంది.

డిస్కంకు క్రెడిట్ పోవడమే తప్పని మేము అనడం లేదు. లైన్లు వాళ్లవి, మా పగటి కరెంటు తీసుకుని రాత్రికి సర్దేదీ వాళ్లే. కానీ ఎంత తీసుకున్నారు, దాని విలువెంత, ఆ విలువ ఎటు పోయింది అన్నది ప్యానెల్ పెట్టినవాడికి చెప్పాలి కదా. మా కరెంటు బిల్లులో ఎగుమతి యూనిట్లు కనిపిస్తాయి. క్రెడిట్ ఊసు ఎక్కడా ఉండదు.

నేల కింది ఇంధనం విషయంలో డెల్టా వాళ్లం ఒకసారి చూశాం. ఇక్కడి గ్యాస్ పైపుల్లో దూరప్రాంతాలకు పోయింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని వారాల తరబడి మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. ప్రమాదం మాకు మిగిలింది, రాబడి మాత్రం మేము చూడలేదు. ఈసారి ఇంధనం మా ఇంటి కప్పు మీదే పుడుతోంది. అందుకే మొదట్లోనే లెక్క అడుగుతున్నాం.

ఈ లెక్క తేలకపోవడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాం.

1. రొయ్యల రైతు సోలార్ వైపు రాలేకపోతున్నాడు. రొయ్యల చెరువుకు కరెంటు అన్నింటికంటే అవసరమయ్యేది తెల్లవారుజామున. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి ఆక్సిజన్ లాగేస్తాయి. మూడు నాలుగు గంటలకు డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ సమయంలో నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు నీటి పైకి వచ్చి గట్టు వెంబడి తేలతాయి. జనరేటర్ స్టార్ట్ కాలేదంటే నాలుగు నెలల పంట గంటల్లో పోతుంది. ఆ టెన్షన్‌తోనే చెరువు మీద కాపలా ఉండేవాడు కంటి మీద కునుకు లేకుండా రాత్రి గడుపుతాడు. సోలార్ రాత్రిపూట ఏరియేటర్ తిప్పదు, నిజమే. పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకుంటే బిల్లు తగ్గుతుంది, గ్రిడ్‌కూ పగటిపూట ఆసరా అవుతుంది. పైగా పగలు కూడా ఏరియేటర్లు తిరిగే చెరువులు ఎన్నో ఉన్నాయి.

మరి రైతు ఎందుకు పెట్టడం లేదు? అర్హత ఉన్న ఆక్వా రైతుకు రాయితీ ధర యూనిట్ ₹1.50. ఇళ్లకు ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ చెరువుకు వర్తించదు. గట్టు మీద 10 కిలోవాట్లు పెట్టాలంటే తక్కువలో తక్కువ ₹5 లక్షలు. ఏడాదికి 14,000 యూనిట్లు వస్తే రైతుకు మిగిలేది ₹21,000. అసలు తిరిగి రావడానికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు పడుతుంది. ప్యానెల్ ఆయుష్షే పాతికేళ్లు! వడ్డీ సంగతి ఇందులో ఇంకా కలపనేలేదు. క్రెడిట్ రైతుకే ఇచ్చినా, ఏడాదికి వచ్చే 14 ఆర్‌ఈసీలు ₹300 చొప్పున ₹4,200. దీన్ని చూసి ఏ మేనేజరూ లోను ఇవ్వడు. అదే ఆర్‌ఈసీకి ₹1,000 వస్తే ₹14,000 కలిసి ఏటా ₹35,000 అవుతుంది, గడువు పద్నాలుగేళ్లకు దిగుతుంది. రైతు ₹1.50 కట్టినప్పుడు అసలు ఖర్చులో మిగతాది ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తోంది. గట్టు మీద సోలార్ పుట్టించిన ప్రతి యూనిట్‌కూ ప్రభుత్వానికి ఆ సబ్సిడీ భారం తగ్గుతుంది. అందులో కొంత భాగాన్ని కూడా రైతుకు ఇస్తే లెక్క ఇంకా దగ్గరకు వస్తుంది. బిల్లులో ఆదా, ఆర్‌ఈసీ రాబడి, సబ్సిడీలో ఆదా, ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసిన కాగితం మాకు ఇంతవరకూ ఎక్కడా కనిపించలేదు.

2. కౌలు రైతు అసలు లెక్కలోనే లేడు. చెరువు లీజుకు తీసుకున్నవాడి పేరు మీద సర్వీసు ఉండదు. ప్యానెల్ పెడితే క్రెడిట్ భూమి యజమానిదా, పెట్టుబడి పెట్టినవాడిదా?

3. ఖాళీ ఉన్నచోట దళారులు దూరారు. ఒక సంస్థ తరఫున ఏజెంట్లు మా ఊళ్లలో తిరిగి, "మీ సోలార్‌కు క్రెడిట్ డబ్బులు ఇప్పిస్తాం, సంతకం పెట్టండి" అంటూ కాగితాలు తీసుకున్నారు. ఆధార్ నకలు, సర్వీసు నంబరు, బిల్లు ఫొటో అన్నీ ఇచ్చారు మనవాళ్లు. ఆ అగ్రిమెంటు మేము తెప్పించి చదివించాం. అంతా ఇంగ్లిషే. ప్లాంటు నుంచి పుట్టే పర్యావరణ హక్కులన్నీ, ఇప్పుడున్నవీ ఇకముందు వచ్చేవీ, ఇరవై ఏళ్లపాటు ఆ సంస్థకే చెందుతాయని లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. యజమానికి ఎంత ఇస్తారో రాయాల్సిన చోట అంకె లేదు, చుక్కలున్నాయి. సంతకం పెట్టినవాళ్లలో వేలిముద్ర వేసిన పెద్దావిడ కూడా ఉంది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఒక యూనిట్ క్రెడిట్‌ను ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలి. నెట్ మీటరింగ్ కింద డిస్కం దాన్ని ఇప్పటికే తన బాధ్యతలో చూపించుకుంటుంటే, దాన్నే ఈ ఏజెంట్లు ఇంకొకరికి అమ్మడానికి లేదు. అమ్మితే రెండుసార్లు లెక్క కట్టినట్టు. రేపు అది బయటపడితే కేసు ఎవరి మీదికి వస్తుంది, సంతకం పెట్టిన మావాళ్ల మీదికే కదా? మీరు జవాబు ఇవ్వకుండా ఆలస్యం చేసిన కొద్దీ ఇలాంటి కాగితాల మీద సంతకాలు పెరుగుతున్నాయి.

4. తుఫాను మా ఖర్చు పెంచుతుంది. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఏం చేసిందో మీకు చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా కూడా నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇక్కడ ప్యానెల్ పెట్టేవాడు గాలికి ఆగే ఫ్రేము వేయించుకోవాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇనుము కొనాలి, బీమా కట్టాలి. అనంతపురంలో సరిపోయే ధర అంతర్వేదిలో సరిపోదు.

5. ఊరి డబ్బు బయటికి పోతోంది. విదేశాలకు రొయ్యలు పంపే ప్రాసెసింగ్ ప్లాంట్లను అక్కడి కొనుగోలుదారులు కరెంటు ఎక్కడిదని అడిగే రోజులివి. ఆర్‌ఈసీలు స్వచ్ఛందంగా కూడా కొనవచ్చు. ఆ ప్లాంటు తన క్రెడిట్లు ఎక్కడో ఎడారి పార్కు నుంచి కొనుక్కునే బదులు, తనకు రొయ్యలు అమ్మే రైతు గట్టు మీది సోలార్ నుంచే కొనుక్కోగలిగితే ఎంత బాగుంటుంది! ఒక్క విషయం మాత్రం మేము మావాళ్లకు చెబుతూనే ఉన్నాం. క్రెడిట్ అమ్ముకున్న రైతు ఆ తర్వాత "నాది సోలార్ రొయ్య" అని చెప్పుకోకూడదు. ఆ మాట చెప్పుకునే హక్కునే అతను అమ్మేశాడు. ఇలాంటివి కూడా జనానికి తెలుగులో చెప్పే బాధ్యత మీదే.

మా కోరికలు ఇవి.

1. నెట్ మీటరింగ్ ప్లాంట్ల నుంచి ఏటా ఎన్ని యూనిట్లు పునరుత్పాదక బాధ్యత కింద చూపించారో, అందులో మీటరు లెక్క ఎంత, 3.5 యూనిట్ల అంచనా లెక్క ఎంత, మిగులు మీద ఆర్‌ఈసీలు తీసుకుంటే ఎన్ని, ఎంతకు అమ్మారో మండలాల వారీగా ప్రకటించండి. ప్రతి వినియోగదారుడి బిల్లులో అతని క్రెడిట్ యూనిట్లు ఒక వరుసలో చూపించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

2. ఆ విలువలో ప్యానెల్ పెట్టినవాడికి న్యాయమైన వాటా తేల్చి బిల్లులో తగ్గించండి. లేదా, క్రెడిట్ తానే ఉంచుకుంటానన్నవాడికి ఆ వీలు కల్పించండి. 2 కిలోవాట్ల ఇంటికి వెయ్యి యూనిట్లు పోగవడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఒక్కో ఇల్లూ రిజిస్ట్రేషన్, ఫీజులు, ఎక్స్ఛేంజీ పనులు చూసుకోలేదు. ఊరి సహకార సంఘమో, మహిళా సమాఖ్యో అందరి యూనిట్లనూ కలిపి ఒకే పేరు మీద అమ్మేలా నిబంధన తీసుకురండి.

3. చిన్న ప్లాంట్లకు విడిగా పెట్టిన వాటాను కచ్చితంగా అమలు చేయండి. కొనాల్సినవాళ్లకు మినహాయింపులు, వాయిదాలు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే ఎవరికి, ఎందుకు ఇచ్చారో ఉత్తర్వులో రాయండి. ధర నిలబడకపోతే మేము పైన చెప్పిన ఏ లెక్కా నిలబడదు.

4. చెరువు గట్టు సోలార్‌కు, ఆదా అయ్యే సబ్సిడీలో ఒక భాగాన్ని కొన్నేళ్ల పాటు యూనిట్‌కు ఇంత అని రైతుకు ఇచ్చే పథకం పెట్టండి. ముందు భీమవరం, ఉండి, ముమ్మిడివరం వైపు కొన్ని చెరువుల మీద చేసి చూడండి. కౌలు రైతుకు యజమాని అంగీకారపత్రంతో అర్హత ఇవ్వండి.

5. క్రెడిట్ల పేరుతో సంతకాలు తీసుకునే ఏ సంస్థ అయినా మీ దగ్గర నమోదై ఉండాలి. అగ్రిమెంటు తెలుగులో ఉండాలి, యజమాని వాటా అంకెల్లో ఉండాలి, ఏడాదిలోపు రద్దు చేసుకునే హక్కు ఉండాలి. ఇప్పటికే తెలియక సంతకాలు పెట్టినవారి ఒప్పందాలను పరిశీలించి వారికి విముక్తి కల్పించండి.

6. తీర మండలాల్లో గాలికి ఆగే ఫ్రేముకు ప్రమాణాలు ప్రకటించి, ఆ అదనపు ఖర్చుకు, బీమాకు ఈ క్రెడిట్ల రాబడి నుంచే సాయం చేయండి.

7. కరెంటు చార్జీల మీద ఏటా జరిగే బహిరంగ విచారణలో ఈ అంశాన్ని చేర్చండి. అక్కడికి మేము మా బిల్లులు, ఆ అగ్రిమెంటు నకళ్లు తీసుకుని వస్తాం.

మొదటి కోరికకు జవాబు మీ రికార్డుల్లో ఇప్పటికే ఉండాలి. కనీసం అదైనా వచ్చే విచారణ లోపు రాతపూర్వకంగా ఇవ్వండి. మిగతావాటి మీద మాట్లాడటానికి మీరు ఎప్పుడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం.

ఇట్లు,
గోదావరి డెల్టా గ్రామాల సోలార్ వినియోగదారులు, ఆక్వా రైతులు, కౌలు రైతుల తరఫున